అప్పలసూరి తార

గుమ్మకొండ మీద టెలిస్కోపు పెట్టి రెండేళ్ళు దాటింది. అద్దం వచ్చింది, గుమ్మటం వచ్చింది, గుమ్మటానికి వేసిన రంగు వెలిసిపోతే దాని మీద కొత్త రంగు కూడా వచ్చింది. రావలసింది మంత్రిగారొక్కరే. ఆయన వచ్చి, రిబ్బను కత్తిరించి, తొలి చూపు చూసేదాకా అందులో మరెవరూ కన్ను పెట్టకూడదని రాష్ట్ర ఖగోళ పరిశోధన కేంద్రం వారి నియమం. ఆ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని తీసెయ్యగలిగినవారు కూడా ఎవరూ లేరు.

మంత్రి లెంక అప్పలసూరిగారికి రిబ్బన్లంటే అయిష్టమేమీ లేదు. కల్వర్టులకీ, పశువుల ఆసుపత్రులకీ రోజూ కత్తిరిస్తూనే ఉన్నారు. అయితే ఘాట్ రోడ్డు ఎక్కితే ఆయనకి కడుపులో తిప్పుతుంది. అందుచేత కొండ మీది కార్యక్రమాలన్నీ ‘వచ్చే నెల’లోకి వెళ్ళిపోయేవి.

ఆ కడుపు తిప్పడానికి బలవుతున్న మనిషి నూకరత్నం. విజయనగరం దగ్గరి పిల్ల, కేంద్రంలో రిసెర్చి స్టూడెంటు. ఆమె పరిశోధనంతా ఒకే ఒక చుక్క మీద. ఆ చుక్కకి పేరు లేదు, కేటలాగులో ఒక పొడుగాటి నంబరు మాత్రం ఉంది. ఇరవై యేళ్ళకోసారి ఏదో పెద్ద దుమ్ము మేఘం లాంటిది దానికి అడ్డం వస్తుంది. అప్పుడు చుక్క కొన్ని నెలలపాటు మసకబారి, మళ్ళీ తేరుకుంటుంది. మసకబారడం మొదలైనప్పటినుంచి పూర్తిగా తేరుకునేదాకా కొలిస్తే అడ్డం వచ్చినదేమిటో తెలుస్తుంది. సగం కొలిస్తే ఏమీ తెలియదు. ఈ చలికాలంలో అది మొదలవబోతోంది. రత్నం ఫెలోషిప్పు వేసవితో సరి. ఇప్పుడు తప్పిపోతే, మళ్ళీ ఆ చుక్క మసకబారే నాటికి రత్నానికి నలభై ఏడేళ్ళొస్తాయి.

ఆమె వెళ్ళి డైరెక్టరు ముక్తేశ్వరరావుగారితో మొరపెట్టుకుంది. ఆయన అంతకుముందు మత్స్యశాఖలో ఉండేవారు. చేపపిల్లల లెక్క బాగా చూశారని మెచ్చుకుని, చుక్కలు కూడా లెక్కపెట్టవలసినవే కదా అని ఇక్కడికి పంపారు.

“చూడండి రత్నంగారూ, తమరి ఆవేదన మా దృష్టిలో ఉన్నది. కానీ తొలి చూపు అనేది గౌరవనీయ మంత్రివర్యులకు ప్రత్యేకించబడినది. ముందుగా తమరు చూసినట్లయితే వారిది రెండో చూపు అగును. రెండో చూపుకు మంత్రివర్యులు రారు. దానికి ఆర్డీవో స్థాయి చాలును.”

“చుక్క ఆగదు కదండి సార్. మొదలైపోతాది.”

“వాయిదా కోరే అవకాశం లేదా?”

“ఎవర్ని కోరతామండి?”

డైరెక్టరుగారు కాసేపు ఆలోచించారు. “అదీ నిజమే. అటువైపు సంబంధిత అధికారి లేరు” అని విచారపడ్డారు.

రత్నం ఊరుకోలేదు. హాస్టలు డాబా ఎక్కి, అప్పు తెచ్చిన బైనాక్యులర్సుతో తన చుక్కని వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఆమెని చూసి మిగతా రిసెర్చి విద్యార్థులు కూడా ఎక్కారు. ఈ సంగతి డైరెక్టరుగారి చెవిన పడేసరికి ఆయనకి చెమటలు పట్టాయి. తొలి చూపు టెలిస్కోపుకి మాత్రమే వర్తిస్తుందా, ఆకాశానికి కూడానా? ఫైలు నడిచింది. కేంద్రం ఆవరణ మీద ఉన్న ఆకాశం కేంద్రానిదేననీ, అది ఇంకా ప్రారంభం కాలేదనీ తేలింది. మర్నాటినుంచి విద్యార్థులకి తలా ఒక నల్ల గొడుగు ఇచ్చారు. పొద్దుగూకాక హాస్టలు నుంచి మెస్సుకి వెళ్ళాలంటే గొడుగు వేసుకునే వెళ్ళాలి. దారిలో ఎవరైనా గొడుగు వంచితే వాచ్‌మాన్ ఈల వేసేవాడు. పప్పుచారు కోసం వెళ్ళే పిల్లలు శవయాత్రలో నడిచినట్టు తలొంచుకుని నడిచేవారు.

రత్నం గైడు శేషాచార్యులుగారు కూడా గొడుగు వేసుకునే తిరిగారు. ముప్ఫై యేళ్ళు ఆకాశం గురించి పాఠం చెప్పిన మనిషి. “ఇంకో పది నెలల్లో రిటైరవుతున్నానమ్మాయ్. పెన్షను పేపర్లు ఆయన టేబులు మీదే ఉన్నాయి. ఈ పది నెలలూ ఆకాశం చూడకపోతే నాకేం పోయింది?” అన్నారు. రత్నానికి ఒళ్ళు మండింది. కానీ ఆయన గొడుగు చిరుగుల్లోంచి ఓరగా పైకి చూడడం ఆమె కనిపెట్టింది.

చివరికి, డాక్టరు కొత్త మాత్రలేవో ఇచ్చాక, మంత్రిగారు కొండెక్కడానికి ఒప్పుకున్నారు. సిద్ధాంతిగారు ముహూర్తం పెట్టారు. దివ్యమైన ముహూర్తం, పగలు పదకొండున్నరకి.

“సార్, పగలు చుక్కలు కనపడవండి” అంది రత్నం.

“సామాన్యులకు కనపడవు. ఇది శుభలగ్నం” అన్నారు డైరెక్టరుగారు.

ఆ రోజు కొండ మీద ఇసక వేస్తే రాలనంత జనం. బ్యాండు మేళం, పూర్ణకుంభం, కొబ్బరికాయలు అన్నీ వచ్చాయి. జ్యోతి వెలిగించారు. ఇంత పెద్ద యంత్రానికి ఒకే రిబ్బను కడితే బాగుండదని డైరెక్టరుగారు మెట్ల దగ్గర ఒకటి, గుమ్మం దగ్గర ఒకటి, టెలిస్కోపు మూతి మీద ఉండే పెద్ద మూతకి ఒకటి కట్టించారు. ఆ మూడోదాన్ని పెళ్ళికానుకకి చుట్టినట్టు అడ్డంగా నిలువుగా చుట్టి పైన పువ్వు ముడి వేశారు. మంత్రిగారు మెట్ల దగ్గర కత్తిరించారు, గుమ్మం దగ్గర కత్తిరించారు, మూడోది ఎత్తులో ఉండడం వల్ల ఆయన కంటపడలేదు. గుర్తు చేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మూత మూతలాగే ఉంది.

మంత్రిగారి కోసం ప్రత్యేకంగా బిగించిన గొట్టంలో ఆయన కన్ను పెట్టారు. బ్యాండు ఆగింది. కెమెరాలన్నీ ఆయన మీదే ఉన్నాయి. ఆయన ఎడమ కన్ను మూశారు. కుడి కన్ను పెద్దది చేశారు. కన్ను మార్చి చూశారు. రత్నం స్తంభానికి ఆనుకుని నిలబడి, ఇప్పుడైనా ఈ మనిషి ‘ఏం కనపడలేదు’ అనకపోతాడా, ఎవరైనా ఆ మూత తియ్యకపోతారా అని ఇష్టదేవతలందరికీ మొక్కుకుంటోంది.

“సార్, ఏం కనిపించింది సార్?” అని అరిచాడొక విలేకరి.

మంత్రిగారు తల ఎత్తి చుట్టూ చూశారు. అన్ని మొహాలూ ఆయన మొహం కోసమే ఎదురుచూస్తున్నాయి.

“అవుపడ్డాది” అన్నారు. “ఒకటే సుక్క. ఒంటరిగ, పేదోడింట్లో దీపంలాగ మినుకుమినుకుమంటంది.”

చప్పట్లు కొండ మీంచి కిందికి దిగి ఊళ్ళోకి వినిపించాయి. డైరెక్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆయన నిజంగానే కదిలిపోయారు, పాపం.

మర్నాడు పేపర్లన్నీ పేదవాడి దీపం గురించే రాశాయి. సాయంకాలానికి రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. గౌరవనీయ మంత్రివర్యులు పట్టపగలు కనుగొన్న తారకు వారి పేరు పెట్టవలెను, ఇకమీదట కేంద్రంలో జరుగు పరిశోధన యావత్తు సదరు తార అభివృద్ధికై జరగవలెను, అన్యతారలకు టెలిస్కోపు సమయము కేటాయించరాదు.

అంతా బాగానే ఉంది, ఆ తార ఎక్కడుందన్నదే చిక్కు. మంత్రిగారు చూసిన సమయానికి టెలిస్కోపు ఎటు తిరిగి ఉందో ఎవరూ రాసుకోలేదు. ఒకవేళ రాసుకున్నా అటువైపు మూత తప్ప మరేమీ లేదు. డైరెక్టరుగారు స్థల నిర్ధారణ సంఘం వేశారు. సంఘం వాళ్ళు సమోసాలు తింటూ మ్యాపు ముందు కూర్చున్నారు. ఎవరూ నోరు విప్పరు. తప్పు చుక్క చూపించి ఎవడు ఇరుక్కుంటాడు?

రత్నం లేచింది. “నాకు తెలుసండి సార్. ఆ మూల ఒంటరిగా ఉన్నది ఒకటే. ఇదేనండి” అని మ్యాపు మీద తన చుక్క మీద వేలు పెట్టింది.

“ఒంటరిగా ఉన్నదా?”

“ఉందండి.”

“మినుకుమినుకుమనునా?”

“ఇంక చూడండి సార్, రోజూ అదే పని దానికి.”

శేషాచార్యులుగారికి పొలమారింది. సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సాయంత్రమే మూత తీశారు. రెండేళ్ళుగా ఒక్క ఘడియ దొరకని టెలిస్కోపు మొత్తం రత్నం చేతికొచ్చింది. ఆమె నియంత్రణ గదిలో తలుపేసుకుని, ఎవరూ చూడడం లేదని నిశ్చయించుకుని, చిన్నపిల్లలా గిర్రున రెండు చుట్లు తిరిగింది. అంత ఆనందం ఆమెకి ఎం.ఎస్సీలో ఫస్టు వచ్చినప్పుడు కూడా లేదు.

ఇది చూసి మిగతా వాళ్ళకి మార్గం తెలిసింది. గెలాక్సీల మీద పనిచేసే కుర్రాడు, ఉత్తర్వులో నిషేధం తారలకే గాని గెలాక్సీలకి కాదని కనిపెట్టి, తన గెలాక్సీకి శాఖ కార్యదర్శిగారి పేరు పెట్టుకుని వచ్చాడు, రెండు రాత్రులు దొరికాయి. సూర్యుడి మచ్చలు చూసే అమ్మాయి ఆ మచ్చలకి ఎవరి పేరూ పెట్టడానికి ధైర్యం చాలక ఏడ్చింది. నల్ల బిలం చదివే అబ్బాయి అన్ని శాఖల చుట్టూ తిరిగితే, చివరికి ఆర్థికశాఖ వారు తమ పేరు పెట్టుకోవడానికి సంతోషంగా ఒప్పుకున్నారు. పెద్ద సంస్థ నుంచి డాక్టర్ విద్యుల్లత అనే శాస్త్రవేత్త ఒక తోకచుక్కని చూసుకోవడానికి వచ్చారు. ప్రపంచంలో ఆవిడ పేరు తెలియని ఖగోళ శాస్త్రజ్ఞులు లేరు. డైరెక్టరుగారు దరఖాస్తు తిరగేసి, “ఈ తోకచుక్కకు స్థిర నివాసం కలదా?” అన్నారు.

“తోకచుక్కండీ. వస్తుంది, వెళ్తుంది.”

“అట్లయిన స్థానికత లేదు. కనీసం గత నాలుగేళ్ళు మా రాష్ట్రంపై ఉండవలెను.”

ఆవిడ దరఖాస్తు వెనక్కి తీసుకుని కొండ దిగిపోయారు. రత్నం కిటికీలోంచి చూసి బాధపడింది. బాధపడుతూనే, ఆ రాత్రులు కూడా తనకే మిగిలాయని లెక్క వేసుకుంది.

చలి ముదిరేసరికి చుక్క మసకబారడం మొదలైంది, లెక్క ప్రకారమే. సరిగ్గా అప్పుడే డైరెక్టరుగారు కబురు పంపారు. “అప్పలసూరి తార పురోగతిపై ప్రతి సోమవారం నివేదిక కావలెను. ఒక్క విషయం. మంత్రివర్యుల తార వెలుగు తగ్గినదను మాట నివేదికలో ఎక్కడా రాకూడదు. తగ్గినచో టెలిస్కోపు మూసివేయబడును.”

రత్నం ఇరుక్కుపోయింది. అబద్ధం రాస్తే థీసిస్ పోతుంది. నిజం రాస్తే టెలిస్కోపు పోతుంది. సోమవారం దాకా అన్నం సయించలేదు. చివరికి ఏదైతే అదయిందని, ఒక్క మాట కూడా రాయకుండా, కొలిచిన అంకెలు మాత్రం వరసగా వేసి ఇచ్చేసింది.

ఇక్కడ పాఠకులకొక సంగతి చెప్పాలి. చుక్కల వెలుగుని కొలిచే అంకె తలకిందులుగా ఉంటుంది. క్లాసులో ర్యాంకులాగన్నమాట. ఒకటో అంకె చుక్క ధగధగలాడుతుంది, పదో అంకె చుక్క కనీకనిపించకుండా ఉంటుంది. చుక్క మసకబారిన కొద్దీ అంకె పెరుగుతుంది. ఇది ఖగోళశాస్త్రం మొదటి పాఠంలో ఉంటుంది. మత్స్యశాఖలో ఉండదు.

డైరెక్టరుగారు కాగితం చూశారు. ఎనిమిది. ఎనిమిది పాయింటు మూడు. ఎనిమిది పాయింటు ఏడు. ఆయన మొహం విచ్చుకుంది. “పెరుగుచున్నది!” అన్నారు లేచి నిలబడి. “రత్నంగారూ, పెరుగుచున్నది!”

రత్నం నోరు తెరిచింది. పక్కనున్న శేషాచార్యులుగారు ఆమె కాలు గట్టిగా తొక్కారు. ఆమె నోరు మూసుకుంది.

అక్కడినుంచి ఇంక పట్టపగ్గాల్లేవు. అంకె తొమ్మిదైన రోజున కేంద్రంలో లడ్డూలు పంచారు. తొమ్మిదిన్నర అయిన రోజున ఘాట్ రోడ్డు మొదట్లో ‘ఎనిమిది నుంచి తొమ్మిదిన్నరకు అప్పలసూరి తార! ఇది మన ప్రగతి!’ అని హోర్డింగు లేచింది. అందులో మంత్రిగారు ఆకాశంలోకి వేలు చూపిస్తున్నారు, చుక్క వచ్చి ఆ వేలి చివర వాలింది. బళ్ళలో పిల్లలు తార అంకె మీద పాట పాడారు. పొరుగు జిల్లా ఎమ్మెల్యే తనకి కూడా అలాంటి పెరిగే చుక్క ఒకటి కావాలని ధర్నా చేశాడు. పైన చుక్క నానాటికీ కుంగిపోతోంది, కింద లడ్డూల సైజు పెరుగుతోంది. రత్నం లడ్డూ తింటూ రోజూ కొలతలు తీసుకునేది. తప్పు చేస్తున్నానా అని ఒక్కోసారి అనిపించేది. కానీ తను రాసిన అంకెల్లో అబద్ధమొక్కటి కూడా లేదు, లడ్డూ కూడా మంచి నేతి లడ్డూ.

అంకె పదీ పాయింటు రెండు దగ్గర ఆగింది. దుమ్ము మేఘం చుక్కని పూర్తిగా కప్పేసింది. కొన్ని వారాలు అక్కడే నిలిచింది. దాన్ని డైరెక్టరుగారు ‘సుస్థిర ప్రగతి’ అన్నారు. ఇంక కొద్ది రోజుల్లో చుక్క తేరుకుంటుంది, అంకె కిందికి దిగుతుంది. ముందే చెప్పి పెడితే మంచిదని రత్నం ఆయన గదికి వెళ్ళింది.

“ఇక్కణ్ణుంచి అంకె దిగుతాదండి సార్. మళ్ళీ ఎనిమిదికి వచ్చీస్తాది. అది సహజమండి.”

ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టేశారు. “ఎనిమిదికా? మళ్ళీ మొదటికా? ఆర్థిక సంవత్సరాంతంలోనా?”

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు తయారైంది. ‘అప్పలసూరి తార చారిత్రాత్మక గరిష్ఠ స్థాయికి చేరినందున, సదరు స్థాయిని పరిరక్షించు నిమిత్తం కొలతలు నిలుపుదల చేయడమైనది.’ కొలవకపోతే తగ్గదని ఆయన నమ్మకం. మూత పెట్టించి, దాని మీద లక్క ముద్ర వేయించారు.

రత్నం గుమ్మటం మెట్ల మీద కూలబడి ఏడ్చింది. సగం థీసిస్. చుక్క చీకట్లోకి వెళ్ళిందని మాత్రం ఉంది, బయటికి వచ్చిందన్న మాట లేదు. శేషాచార్యులుగారు వచ్చి పక్కన కూర్చున్నారు. “నా మూలానే అయిందమ్మాయ్. ఆ రోజు నీ కాలు తొక్కకుండా ఉండాల్సింది” అన్నారు. కాస్సేపటికి, “సగంతో సరిపెట్టుకో. నేను సంతకం పెడతాను” అని కూడా అన్నారు.

“మీరు పెడతారు మాస్టారూ. చుక్క పెట్టదు” అంది రత్నం, ముక్కు తుడుచుకుని.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మంత్రిగారి ఇంటికి వెళ్ళింది. వరండా నిండా జనం. పింఛను రాని ముసలమ్మలు, బదిలీ కోరే టీచర్లు, తగూలుపడ్డ అన్నదమ్ములు. రత్నం వంతు వచ్చేసరికి మంత్రిగారు టిఫిను ముగించి చెయ్యి కడుక్కుంటున్నారు.

“ఏటమ్మా నీ బాధ?”

“మీ చుక్క గురించండి” అంది. మొదలుపెట్టాక ఆగలేదు. అంకె పెరగడమంటే ఏమిటో, హోర్డింగులో గొప్పగా రాసింది దేన్నో, లడ్డూలు ఎందుకు పంచారో అన్నీ చెప్పేసింది. చివరికి మూత సంగతి కూడా నోరు జారింది. అన్నాక నాలుక కరుచుకుంది. వరండాలో ముసలమ్మలు దగ్గడం కూడా మానేశారు.

మంత్రిగారు తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నారు.

“మూత ఉన్నాదని కన్నెట్టినాక నాకు తెల్దేటి?” అన్నారు చివరికి, గొంతు తగ్గించి. “కటిక సీకటి. ఏటీ అవుపడనేదు. అంతమంది నోళ్ళు తెరుసుకుని నా మొకం సూస్తంటే ఏటీ నేదని ఎలాగ సెప్పీది? నువ్వయితే సెప్పగలవేటి?”

రత్నం స్థల నిర్ధారణ సంఘంలో తను పెట్టిన వేలు తలుచుకుని, తలొంచుకుంది.

“అయితే ఇన్నాళ్ళూ నా సుక్క ఆరిపోతంటే మావోళ్ళు మిఠాయిలు పంచినారన్నమాట.” ఆయన పొట్ట కదిలింది. మొదట మెల్లిగా, తర్వాత కుర్చీ కిర్రుమనేలా నవ్వారు. నవ్వాగాక కళ్ళు చిన్నవి చేసి అడిగారు. “మళ్ళీ ఎలుగొస్తాదన్నావే, ఎప్పుడేటి?”

“వచ్చే వారం మొదలవుతాదండి. నెల్లాళ్ళకి పూర్తిగా వచ్చీస్తాది.”

“కచ్చితంగానా?”

“కచ్చితమేనండి. ఎవరాపినా ఆగదు.”

“ఆగదు కదా. అయితే మరింక ఎవుళికీ సెప్పకు. నాను సెప్తాను.” అక్కడికక్కడే డైరెక్టరుకి ఫోను కలిపించారు. “ఏమయ్యా, ఆ అంకె దిగితేనే మంచిదట కదా! ఒంట్లో సుగరు ఉన్నట్టు. నా సుగరు పెరిగితే కూడా లడ్డూలు పంచుతావేటి?”

అవతల డైరెక్టరుగారి గొంతు వరండా అంతా వినపడింది. “చిత్తం సార్. మేము మొదటి నుంచి అదే అభిప్రాయంలో ఉన్నాం సార్.”

సాయంత్రానికి ముద్ర పగిలింది, మూత లేచింది. మంత్రిగారు టీవీల ముందు నిలబడి, మసకబారిన తన తారకి నెల తిరిగేలోగా వెలుగు తెప్పిస్తానని ప్రతిజ్ఞ చేశారు. ఘాట్ రోడ్డు హోర్డింగు మీద ‘పదీ పాయింటు రెండు నుంచి ఎనిమిదికి! ఇది మన సంకల్పం!’ అని కొత్త కాగితం అంటించారు. అప్పటిదాకా అంకె ఎందుకు పెరిగిందని అడిగినవాళ్ళకి, పొరుగు రాష్ట్రం మీదుగా వచ్చిన దుమ్ము అని సమాధానం దొరికింది. దుమ్మన్న మాట నిజమే కాబట్టి రత్నం కాదనలేదు.

చుక్క తేరుకుంది. మొదటి రోజు అంకెలో చిన్న కదలిక చూసి రత్నం మరోసారి కొలిచింది. రెండో రోజు అనుమానం తీరింది. ఆపైన ఒక్కో కొలతకీ వెలుగు పేరుకుంటూ పేరుకుంటూ, నెల నిండే వేళకి గ్రాఫు మీద గీత దిగిన చోటునుంచి లేచి, తన పాత ఎత్తుకి వచ్చి నిలబడింది. లోయ పూర్తయింది, రెండు గట్లతో సహా. శేషాచార్యులుగారు ఆ గ్రాఫుని చేతిలోకి తీసుకుని, “ముప్ఫై యేళ్ళుగా ఇలాంటిది బోర్డు మీద సుద్దతో గీస్తున్నానమ్మాయ్. నిజంగా చూడ్డం ఇదే” అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రత్నం సంగతి చెప్పనక్కర్లేదు, ఆమె అప్పటికే ఏడుస్తూ నవ్వుతోంది.

ఇక్కడితో కథ అయిపోవలసింది. కానీ ప్రభుత్వం అంటూ ఒకటి ఉంది కదా.

చెప్పిన గడువుకి చెప్పినట్టు ఒక చుక్కకి వెలుగు తెప్పించిన ప్రభుత్వం దేశంలో మరొకటి లేదు. రత్నానికి శాలువా కప్పారు. డాక్టరేటు వచ్చిన వారంలోనే ‘ఇంటింటా చుక్క, చుక్కచుక్కకీ వెలుగు’ అనే పథకం ప్రకటించి, ఆమెని ప్రాజెక్టు అధికారిగా వేశారు. లక్ష్యం, రాబోయే సంవత్సరంలో మండలానికొక మసకబారిన చుక్కని గుర్తించి వెలిగించుట. డైరెక్టరుగారు నియామక పత్రం ఇస్తూ, “లక్ష్యం అందనిచో చింత లేదు. నివేదిక అందిన చాలు” అని ధైర్యం చెప్పారు.

రత్నం రెండు రోజులు తటపటాయించింది. టెలిస్కోపు ఎవరికి ఇవ్వాలో ఇకమీదట ఆమే నిర్ణయిస్తుంది. అది ఒక్కటే ఆమెని ఒప్పించింది. పేర్లూ గీర్లూ ఏమీ అడగకూడదు, సైన్సు చూసి ఇచ్చెయ్యాలి, తోకచుక్కల ఆవిణ్ణి వెనక్కి పిలవాలి అని గట్టిగా అనుకుని సంతకం పెట్టింది. మనస్ఫూర్తిగానే అనుకుంది. అందులో అనుమానం లేదు.

చేరాక మండలాల వారీగా పట్టికలు వేసేసరికి ఒక నెల పోయింది. పేరు లేని చుక్కలకి పట్టికలో గడి లేదు. గడి లేకపోతే కరెంటు మంజూరు కాదు. కరెంటు లేకపోతే గుమ్మటం తిరగదు. ఇవన్నీ సర్దేసరికి ఇంకో నెల పోయింది. తోకచుక్క వెళ్ళిపోయింది.

ఒక ఉదయం ధనిష్ఠ అనే కొత్త రిసెర్చి స్టూడెంటు తలుపు తోసుకుని వచ్చింది. పరిగెత్తుకుని వచ్చినట్టుంది, మొహమంతా చెమట. దూరాన ఎక్కడో ఒక చుక్క కొత్తగా పేలిందట, నాలుగు రోజుల్లో చూడకపోతే అణిగిపోతుందట, ఒక్క గంట ఇస్తే చాలట. చెబుతుంటే పిల్ల మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. రత్నానికి ఆ తొందర బాగా తెలుసు. ఆమె మనసు కరిగిపోయింది. ఇచ్చేద్దామనే దరఖాస్తు ముందుకి లాక్కుంది. కలం తీసింది. పట్టికలో గడి కళ్ళబడింది.

“ఎవరి పేరు మీద?” అంది.

తన గొంతు విని తనే ఉలిక్కిపడింది. ఆ మాట వెనక్కి తీసుకుందామనుకునేలోగా ఆ పిల్ల, ఏమాత్రం తడుముకోకుండా, తెలివిగా నవ్వింది.

“ఖాళీగానే ఉంచేనండి మేడమ్. మీ పేరు రాసీమంటారా?”

ఛీ, ఇదేం మాట, అని గట్టిగా కసరాలి. రత్నం కసరడానికే నోరు తెరిచింది. ఆపైన ఒకసారి కిటికీలోంచి ఆకాశం కేసి చూసి, గొంతు సవరించుకుని అడిగింది.

“బాగా వెలుగుంటాదా?”